ఇంట్లో చేసిన సున్నిపిండి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఒంటికి సబ్బు మానేసి ఇంట్లో పట్టించిన సున్నిపిండితో స్నానం చేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. దాని వెంటే పెదవులకు, మడమలకు, ముఖానికి కావలసినవి కొన్ని ఇంట్లో చేసుకోవడం అలవాటైంది. ఎవరైనా అడిగితే మొదట చెప్పే మాట ఇది: పొడులు, నూనెలు ఇంట్లో నిక్షేపంగా చేసుకోవచ్చు. నీళ్లు కలిసే క్రీములు, లోషన్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. కారణం తర్వాత రాస్తాను, ముందు సున్నిపిండి సంగతి.

మేముండేది హైదరాబాద్‌లో, నాచారం వైపు. నల్లా నీళ్లు తాగడానికి, వంటకు సరిపోతాయి. స్నానానికి బోరు నీళ్లే దిక్కు. అవి ఎంత ఉప్పనో బకెట్ల అంచున, గీజరు లోపల పేరుకునే తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అలాంటి నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా మారతాయి. సబ్బు ఎంత కడిగినా వదలనట్టు ఉండటం, ఒళ్లు ఆరాక బిర్రబిగుసుకోవడం చాలావరకు ఆ మడ్డి వల్లే. పైగా మామూలు సబ్బు పీహెచ్ (క్షారగుణం ఎంతో చెప్పే కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న చర్మానిది 5 దగ్గర. పెసరపిండి పని తీరు వేరు. పిండి జిడ్డును పీల్చుకుంటుంది, పప్పుల్లో సహజంగా ఉండే సపోనిన్లు అనే నురగనిచ్చే పదార్థాలు మురికిని కొంత వదిలిస్తాయి. సపోనిన్లు ఉప్పునీళ్లలో మడ్డి కట్టవు. కుంకుడు రసం బోరు నీళ్లలో కూడా నురగ ఇచ్చేది అందుకే.

తేడా బాగా తెలిసేది చలికాలంలో. నవంబరు దాటాక హైదరాబాద్ గాలి పొడిబారిపోతుంది, పిక్కల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. సబ్బు వాడిన రోజుల్లో స్నానం కాగానే ఏదో ఒకటి రాసుకుంటే తప్ప దురద ఆగేది కాదు. సున్నిపిండికి మారాక ఆ దురద పోయింది. నాకు ఈ పిండి ఇచ్చిన అసలు లాభం ఇదే, దీనికోసమే ఇంత శ్రమా పడుతున్నాను.

సరుకుల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పిండి మంచిచెడ్డలన్నీ అక్కడే తేలిపోతాయి. పొట్టుతో ఉన్న పెసలు కిలో, పచ్చి శనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు. గంధ కచ్చూరాలు, వట్టివేళ్లు, తుంగముస్తెలు 50 గ్రాముల చొప్పున. కస్తూరి పసుపు 50 గ్రాములు. ఎండిన గులాబీ రేకులు రెండు మూడు గుప్పెళ్లు, ఎండు వేపాకు ఒక గుప్పెడు. పప్పులు ఎక్కడైనా దొరుకుతాయి. మూలికల కోసం మాత్రం నేను బేగంబజార్ వెళతాను. అక్కడ గోనెసంచుల్లో విడిగా పోసి ఉంటాయి, చేత్తో పట్టుకుని వాసన చూసి కొనుక్కోవచ్చు. వాసన లేని తుంగముస్తెలు పాత సరుకు, తీసుకోకండి.

కస్తూరి పసుపు దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. పొడి కొనకండి, కొమ్ములు కొనండి. అసలైన కస్తూరి పసుపు కొమ్మును విరిస్తే లోపల లేత రంగులో ఉంటుంది, కర్పూరం ఛాయ ఉన్న వాసన వస్తుంది. పాకెట్లలో నిగనిగలాడే పచ్చటి పొడిని కస్తూరి పసుపు అని అమ్ముతుంటారు, అది ముఖానికి రాస్తే మరుసటి రోజు దాకా రంగు వదలదు. పసుపు పొడిలో లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో వంటి రంగులు కలిపే కల్తీ మన దేశంలో కొత్తేమీ కాదు. రోజూ ఒంటికి రాసుకునే దానిలో ఆ అనుమానం ఎందుకు?

గులాబీలు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లవారుజామున చవకగా దొరుకుతాయి. తోటల్లో మందులు కొట్టి పెంచినవి కాబట్టి రేకులు విడదీసి రెండు మూడు నీళ్లలో కడిగి, పాత నూలు చీర మీద పరిచి, ఫ్యాను కింద నీడన ఆరబెడతాను. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. గుప్పిట్లో నలిపితే గలగలమంటూ పొడి కావాలి, మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. వట్టివేళ్లను కూడా బాగా కడగాలి. చూడటానికి శుభ్రంగానే ఉంటాయి కానీ నీళ్లలో వేస్తే అడుగున ఎర్రమట్టి దిగుతుంది. కడిగి ఎండబెట్టి, కత్తెరతో గోరంత ముక్కలుగా కత్తిరించాలి. పొడుగ్గా వదిలేస్తే మరలో చుట్టుకుపోతాయి.

ఇక చాలామంది సున్నిపిండిలో తప్పనిసరి అనుకునే బావంచాలు అనే గింజలు నేను వేయను. మా అత్తయ్య వాళ్లింట్లో తరతరాలుగా వేస్తారు, ఆవిడ చేతి సున్నిపిండి అంటే నాకు ఎంతో గౌరవం. అయినా ఈ ఒక్క విషయంలో ఆవిడతో ఏకీభవించలేను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలాక ఎండ సోకితే చర్మం కందిపోవచ్చు, బొబ్బలెక్కవచ్చు, నల్లటి మచ్చలు మిగలవచ్చు. బొల్లి వైద్యంలో సోరాలెన్లను వాడేది ఎండకు, అతినీలలోహిత కాంతికి చర్మాన్ని స్పందింపజేసే ఆ గుణం కోసమే. అది కూడా వైద్యుల పర్యవేక్షణలో, లెక్క ప్రకారం. పండగ రోజు నలుగు పెట్టుకుని ఇంటిపట్టున ఉన్న కాలం వేరు. రోజూ ఉదయం స్నానం చేసి బండి మీద మే నెల ఎండలో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది అక్కరలేని ప్రమాదం. నిమ్మతొక్కల పొడి విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. నిమ్మతొక్కలో కూడా ఎండతో కలిసి మచ్చలు తెచ్చే పదార్థాలున్నాయి. సువాసనకు గులాబీ, వట్టివేళ్లు చాలు.

మర దగ్గర ఒక జాగ్రత్త. ఇంట్లో మిక్సీ పప్పుల వరకు ఆడుతుంది కానీ కస్తూరి కొమ్ములకు, తుంగముస్తెలకు దాని బ్లేడు తట్టుకోదు, అందుకే పిండిమర తప్పదు. అయితే అదే మరలో ముందు ఎండుమిర్చి ఆడించి ఉంటే కారమంతా మన పిండిలోకి వస్తుంది, అది ముఖానికి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మా వీధి మర అతను మంచివాడు. “అమ్మా, ఇప్పుడే మిర్చి పట్టాను, సాయంత్రం బియ్యం పట్టాక రండి” అని తనే చెప్పి వెనక్కి పంపిస్తాడు. అయినా నేను ఇంటి నుంచి దోసెడు బియ్యం విడిగా తీసుకెళ్లి ముందు అవి ఆడిస్తాను, ఆ పిండి వాడను. తెచ్చాక పిండిని పళ్లెంలో చల్లార్చాలి, వేడి మీద డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

ఆ తర్వాత జల్లెడ. ఒంటికి మామూలు జల్లెడ పట్టిన పిండి సరిపోతుంది. ముఖానికి మాత్రం పల్చటి నూలు గుడ్డలో వస్త్రగాళితం చేసిన పిండే వాడాలి. ఇది ఓపికతో కూడిన పని, మానేయడానికి వీల్లేని పని కూడా. గుడ్డ మీద మిగిలిన రవ్వను వేళ్ల మధ్య నలిపి చూడండి, ఇసుకలా గరగరలాడుతుంది. దానితో బుగ్గల మీద రుద్దితే కంటికి కనిపించని గీతలు పడతాయి. మంగు మచ్చలున్నవాళ్లకు రాపిడి వల్ల ఆ మచ్చలు ఇంకా ముదురుతాయి. సున్నిపిండితో రుద్ది రుద్ది మంగు పోగొట్టుకోవాలని చూసేవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లందరికీ చేతులెత్తి చెప్పేది ఒకటే, రుద్దకండి, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. శోభి మచ్చలకూ ఇదే వర్తిస్తుంది. అది ఫంగస్ వల్ల వచ్చేది, దానికి మందు కావాలి, పిండితో పోదు.

వాడే పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. వేసవిలో నీళ్లతో, చలికాలంలో పాలతో కలుపుతాను. ఆదివారం నువ్వుల నూనె పట్టించుకుని అరగంట ఆగి ఈ పిండి రాస్తే నూనె జిడ్డంతా తీసేస్తుంది, కావలసినంత మెరుగు ఒంటి మీద మిగులుస్తుంది. పిండి ఒంటి మీద పూర్తిగా ఎండి పగుళ్లు తేలేదాకా ఉంచకూడదు, తడి ఉండగానే కడిగేసుకోవాలి. స్నానాల గది జాలీ మీద పలుచటి గుడ్డముక్క వేసుకోవడం మంచిది, లేకపోతే పిండి గొట్టంలో పేరుకుని నీళ్లు నిలిచిపోతాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. గట్టిగా అంటుకునే సన్‌స్క్రీన్‌ను, నీళ్లకు చెదరని కాటుకను ఇది తీయలేదు, ముందు కొబ్బరినూనెతో తుడవాలి. ఉదయం హడావుడిలో కలుపుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. వానాకాలంలో పురుగు పడుతుంది. అందుకే ఒకేసారి ఏడాదికి సరిపడా పట్టించను. మూడు నెలలకు సరిపడా పట్టించి, సగం ఫ్రిజ్‌లో ఉంచి, వాడే సగం మాత్రం స్టీలు డబ్బాలో పోసి స్నానాల గది బయట పెడతాను. తడి చెంచా డబ్బాలో పెట్టామా, ఆ పిండి చెడిపోయినట్టే.

రంగు తేలతామా అని చాలామంది అడుగుతారు. తేలరు. నా చామనఛాయ ఇన్నేళ్లలో రవ్వంత కూడా మారలేదు, మారాలని నేను కోరుకోలేదు కూడా. పెళ్లికాని పిల్లలకు “ఇది రాసుకుంటే తెల్లబడతావు” అని డబ్బా చేతిలో పెట్టడం చూస్తే నాకు మనసు కష్టంగా ఉంటుంది. పాతబస్తీ పెళ్లిళ్లలో మంఝే (పసుపు వేడుక) రోజున పెళ్లికూతురికి పూసే చిక్సా కానీ, మన నలుగు కానీ సువాసనతో, ముద్దుమురిపాలతో కూడిన వేడుకలు. వాటిని వేడుకలుగానే ఉండనిద్దాం.

పెదవులకు, మడమలకు చేసే మైనం కూడా చాలాకాలంగా మా ఇంట్లో ఉంది, దానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. తేనెమైనం ఒక వంతు, నువ్వుల నూనె, కొబ్బరినూనె కలిపి నాలుగు వంతులు. నీళ్లు మరిగే గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించి చిన్న డబ్బాల్లో పోస్తే సరి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది, తేనెమైనం కరగడానికి 60 డిగ్రీలు దాటాలి. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో మైనం పాలు పెంచి, నూనె మూడు వంతులకు తగ్గిస్తాను, లేకపోతే సంచిలో పెట్టుకున్న డబ్బాలో నూనె తేలుతుంది. దీనిలో నీటిబొట్టు ఉండదు కాబట్టి నిలవ మందులు అక్కరలేదు.

క్రీములు వద్దనేది ఆ నీటిబొట్టు వల్లే. కలబంద గుజ్జు, గులాబీ నీళ్లు, నూనె కలిపి గిలకొడితే తెల్లటి క్రీము తయారవుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నీళ్లున్న చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజు కంటికి కనబడేసరికి అవి ఎప్పుడో పెరిగిపోయి ఉంటాయి. అందులో విటమిన్-ఇ గొట్టం మాత్ర ఒకటి పిండితే నిలవ ఉంటుందని చెప్పేవాళ్లున్నారు. విటమిన్-ఇ నూనె కమురు పట్టకుండా కాపాడుతుంది, అంతే. సూక్ష్మజీవులను ఆపడం దానివల్ల కాదు. ఫ్యాక్టరీల్లో ఫినాక్సీఇథనాల్ వంటి నిలవ మందులు 1 శాతం లోపు తూచి కలుపుతారు, సరుకును పరీక్షించి బయటికి పంపుతారు. ఆ పని వంటింటి చెంచాలతో అయ్యేది కాదు. కలబంద కావాలంటే మట్టను కోసి కాసేపు నిలబెట్టి, కారే పసుపుపచ్చ పాలను పోనిచ్చి, ఆ పాలు దురద పెడతాయి కాబట్టి గుజ్జును బాగా కడిగి, ఆ పూటకు కావలసినంత రాసుకోండి. సన్‌స్క్రీన్ అయితే కొనుక్కోవలసిందే. జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి నూనెలో కలిపినంత మాత్రాన అది ఒంటి మీద సమంగా పరుచుకోదు, పూత పలుచబడిన చోట చర్మం కాలుతుంది.

మొదటిసారి వాడేవాళ్లు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. మూలికలకూ ఎలర్జీ వస్తుంది. గజ్జి, తామర, ఎగ్జిమా ఉన్నవాళ్లు, మొటిమలు చీము పట్టి ఉన్నవాళ్లు వాడకండి. నెలల పిల్లలకు పిండితో నలుగు పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ లేత చర్మానికి గోరువెచ్చని నీళ్లు, డాక్టరు చెప్పిన సబ్బు చాలు. పిండి ముక్కులోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

పట్టించిన ప్రతిసారీ పక్కింటివాళ్లు, చుట్టాలు అడుగుతూనే ఉంటారు. డబ్బా మీద పట్టించిన తేదీ, వేసిన సరుకులు అన్నీ రాసి ఇస్తాను, ఎవరికి ఏది పడదో వాళ్లకే తెలుస్తుంది కదా. అమ్మమని అడిగితే మాత్రం ఒప్పుకోను. మన దేశంలో సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. ఇంట్లో చేసిందైనా ఆ నియమం తప్పదు. దానికి బదులు సరుకుల చీటీ రాసిచ్చి, వీలైతే బేగంబజార్‌కు వెంట తీసుకెళ్లి, కొమ్ము విరిచి వాసన ఎలా చూడాలో చూపిస్తాను.