ఆమ్‌స్టర్‌డామ్ పక్కన బస, వేరుశనగలతో సాయంత్రాలు

ఆమ్‌స్టర్‌డామ్ చూడాలనుకుంటే గది మాత్రం పక్కనున్న జాన్‌డామ్‌లో తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో గది అద్దె మీద 12.5 శాతం టూరిస్ట్ ట్యాక్స్ పడుతుంది. జాన్‌డామ్ నుంచి రైల్లో పావుగంటలోపే ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్. టికెట్ టెన్షన్ కూడా లేదు, గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. దిగాక మళ్లీ తాకించాలి.

మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ టిఫిన్‌కి ఇచ్చిన డబ్బు దండగ. బ్రెడ్డు, చీజు, మళ్లీ బ్రెడ్డు. టిఫిన్ లేకుండా బుక్ చేసుకోవడమే మేలు.

శాకాహారులకి అసలు చిక్కు సాయంత్రాలే. పాతకాలపు కేఫుల్లో అందరూ పొగిడే బిట్టర్‌బాలెన్ అనే వేయించిన ఉండల్లో మామూలుగా గొడ్డుమాంసం ఉంటుంది. మమ్మల్ని ఆదుకున్నవి బొరెల్‌నోచెస్, అంటే పిండి పొర పట్టించి కరకరలాడించిన వేరుశనగలు. ఆఫీసయ్యాక ఒక గ్లాసు ముందు పెట్టుకుని కబుర్లాడే కూటమిని అక్కడ బొరెల్ అంటారు. అందులో ఈ వేరుశనగల గిన్నె ఉండాల్సిందే. శుక్రవారం సాయంత్రం కేఫుల్లో కుర్చీ దొరకడం కష్టం, వడ్డన కూడా నిదానం. వేరే రోజు వెళ్లండి.

బొరెల్‌నోచెస్ మీద మన మసాలా పల్లీల్లా శనగపిండి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉండదు. తిరిగే డ్రమ్ములో గింజల మీద తడి, పిండి మార్చి మార్చి చల్లుతూ పొర కడతారు కాబట్టి గోళీలా గుండ్రంగా, నున్నగా వస్తుంది. కొరికితే పెంకు ఫట్‌మని పగిలి, ఆ తర్వాత గింజ రుచి తెలుస్తుంది. ఉప్పు కాస్త ఎక్కువే. బేకన్ (పంది మాంసం) రుచి పేరుతోనూ అమ్ముతారు కాబట్టి ప్యాకెట్ వెనక చదివి కొనండి.

వీటిలో ఎక్కువగా కనిపించే బ్రాండ్ డౌవిస్ కూడా జాన్‌డామ్ ఉన్న ఈ జాన్ నది ప్రాంతానిదే. 1806లో నూనె గానుగ వ్యాపారంగా మొదలైంది, ఇప్పుడు పెప్సికో చేతిలో ఉంది. నది ఒడ్డున జాన్‌సె స్ఖాన్స్ అనే చోట డె జూకర్ అనే పాత నూనె గాలిమర చూస్తే నాటి పని అర్థమవుతుంది. గాలికి తిరిగే బండరాళ్లు గింజల్ని నలిపేస్తాయి, ఆ పిండిని వేడిచేసి, పక్కన చెక్క దిమ్మలు దిగ్గొట్టి ఆ ఒత్తిడితో నూనె పిండుతారు. లోపల ఆ చప్పుడుకి మాట వినపడదు. అక్కడి చీజు దుకాణాల రద్దీలో గంట పోగొట్టుకునే బదులు ఈ మర దగ్గర నిలబడటం నయం. మధ్యాహ్నానికి టూరిస్టు బస్సులు దిగిపోతాయి, పొద్దున్నే వెళ్లాలి.

కొనడానికి కేఫ్, ఎయిర్‌పోర్టు రెండూ వద్దు. ఆల్బర్ట్ హైన్, యుంబో లాంటి సూపర్‌మార్కెట్లలో పెద్ద ప్యాకెట్లే చవగ్గా దొరుకుతాయి. కూల్‌డ్రింక్ టిన్నుకి 15 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ టిన్ను అక్కడి మెషిన్లో వేస్తే వెనక్కిస్తారు. బొరెల్‌నోచెస్ పక్క అరలో కచాంగ్ పెడిస్ ఉంటుంది. ఇండోనేషియా డచ్చివాళ్ల వలస రాజ్యంగా ఉన్నప్పుడు అలవాటైన రుచి, తీపి కలిపిన కారం పట్టించిన వేరుశనగ. ఆ కారం మన పిల్లలకి కూడా చాలదు. నా ఓటు మాత్రం మామూలు బొరెల్‌నోచెస్‌కే.