సిరామిక్ కాయిల్ అని వేప్ (ఈ-సిగరెట్) అమ్ముతా ఉండాడు, నెల్లూరోళ్లు ఎవరూ కొనబాకండి

ఆత్మకూరు బస్టాండ్ కాడికి బైక్ మీద వచ్చి చేతికిచ్చి పోతాడే, ఇన్‌స్టాలో రోజూ స్టోరీలు పెడతా ఉంటాడే, వాడే. మీలో సగం మందికి తెలుసు. వాడి కాడ 3,200 పెట్టి వేప్ కొన్నా, నాకు కాదు, మా నాయనకి. ఇందుకూరుపేట అవతల రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఆయన, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్దని తెల్లార్లూ మేలుకోవాల, దాంతో రెండు పెట్టెలు సిగరెట్లు. ఎట్టయినా మాన్పించాలని పోయి పోయి వాణ్ణి నమ్మినా.

వేప్‌లో లిక్విడ్‌ని వత్తి పీల్చుకుంటే, కాయిల్ తీగ దాన్ని వేడి చేసి పొగలాగా వదులుతాది. "దూది వత్తి అయితే లిక్విడ్ అయిపోగానే మాడి కమురు వాసన కొడతాది అన్నా, మనది సిరామిక్, దాంట్లో సన్న బొక్కలుంటాయి, లిక్విడ్ని అదే పీల్చుకుంటాది, అది కాలదు, మీ నాయనకి ఏం కాదు" అన్నాడు వాడు. సిరామిక్ కాలదు, నిజమే. ఆ బొక్కల్లో ఇరుక్కున్న తీపి లిక్విడ్ తీగ వేడికి మాడతాది కదా, ఆ ముక్క వాడు చెప్పలా, నేను అడగలా. వాడు చెప్పినట్టే పది నిమిషాలు నాననిచ్చి మరీ నాయన చేతికిచ్చినా.

నాలుగో రోజు "నోట్లో సున్నం పడ్డట్టు ఉందిరా" అన్నాడు. విప్పి చూస్తే ఆ సిరామిక్ తెల్ల గొట్టం నిలువునా పగిలుంది, వెంట్రుక మందాన గీత, లోపలంతా మసి, బొటనవేలితో రుద్దితే తెల్ల పొడి అంటుకుంది. అదెంత లోపలికి పోయిందో ఏమో. రెండో రోజు నుంచే అట్టుందంట. "డబ్బులు పోసి కొన్నావు కదా, ఎందుకులే అని చెప్పలేదురా" అన్నాడు. దగ్గతా చెప్పినాడు ఆ మాట.

ఫోటో పెట్టి వాడికి ఫోన్ చేసినా. నానబెట్టలేదు అన్నాడు, నానబెట్టినా అంటే మీ నాయనకి లాగటం రాదు అన్నాడు, డబ్బులు వద్దులే, ఆ లిక్విడ్లో ఏముందో చెప్పు, డాక్టరుకి చెప్పాల అంటే నవ్వినాడు. మా నాయన దగ్గు ఫోన్లో వినపడతానే ఉంది, నవ్వినాడు. "పోయి పోలీసులకి చెప్పుకో, బ్యాన్ ఐటం, బిల్లు లేదు, కొన్నోడివి నువ్వే కదా" అని పెట్టేసి బ్లాక్ చేసినాడు. అమ్మేటప్పుడు మాటకొక అన్నా అన్న నోరే అది.

2019 నుంచి బ్యాన్ అని నాకు తెలుసు, అందరూ లాగతా ఉండారు ఏం కాదులే అనుకున్నా, ఆ తప్పు నాదే. కానీ ఆ చట్టంలో అమ్మినోడికీ ప్రకటన ఇచ్చినోడికీ మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా ఫైన్ ఉంది. వాడి స్టోరీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టినా. రేపు పొద్దున నాయన్ని ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి, అట్నుంచి అటే స్టేషన్‌కి పోతా.

ఇంట్లో ఎవరి చేతనైనా మాన్పించాలంటే సిగరెట్ పెట్టె మీదే క్విట్‌లైన్ నంబరు ఉంటాది, 1800-11-2356, డబ్బులు తీసుకోరు. ఇన్నేళ్లు ఆ పెట్టె మా ఇంట్లో టీవీ పక్కనే పడుంది, నేను ఒక్కసారి కూడా తిప్పి చదవలా.