సొంతంగా వేసుకున్న తొలి కథల పుస్తకం: కొన్నేళ్ల అనుభవం తర్వాత

పత్రికల్లో వచ్చిన కథలను ఒక సంపుటిగా తేవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ప్రింటింగ్‌కి ఎంతవుతుందని. మొదటి సంపుటి, దాని రెండో ముద్రణ, ఆ తర్వాత ఇంకో పుస్తకం, అన్నీ నేనే వేసుకున్నాను. అచ్చు వేయించడమే ఇందులో తేలికైన పని. కష్టమంతా దానికి ముందు అక్షరాల దగ్గర, తర్వాత అమ్మకం దగ్గర ఉంది.

మనం ఫోన్లో, కంప్యూటర్లో టైప్ చేసేది యూనికోడ్ అనే పద్ధతిలోని అక్షరాలు. పుస్తకం పేజీలు కట్టిచ్చే డీటీపీ సెంటర్లు చాలావాటిలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని పాత ఫాంట్లు. ఫైల్‌ని అందులోకి మార్చగానే కొన్ని వత్తులు జారిపోతాయి, కొటేషన్ గుర్తుల చోట ఏవో అక్షరాలు వస్తాయి. ‘పార్క్‌లో’ అని రాస్తే ‘పార్క్లో’ అవుతుంది. రాతప్రతి ఎంత శుభ్రంగా ఇచ్చినా, మార్చాక మొదటి పేజీ నుంచి ప్రూఫ్ మళ్లీ చూడాల్సిందే. అందుకే రెండో పుస్తకానికి ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవారిని వెతుక్కున్నాను. మండలి, సూరన్న వంటి మంచి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి, లేదంటే వత్తులు అక్షరాలకి అతుక్కోవు. ప్రూఫ్ మాత్రం బయటివాళ్లతో చదివించండి, డబ్బులిచ్చయినా సరే. మన కథ మనకి కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. మొత్తం ఖర్చులో ఒక్క రూపాయి కూడా వృథా కానిది ఇదే అంటాను.

ప్రెస్ దగ్గర ఫారాల లెక్క తెలిసి ఉంటే చాలు. ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట. మామూలు కథల పుస్తకాల కొలతైన డెమీ సైజులో ఫారానికి 16 పేజీలు. 176 పేజీలంటే సరిగ్గా 11 ఫారాలు. రెండు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారం మొదలవుతుంది, కాబట్టి ముందుమాటలు అక్కడే కుదించుకోవాలి. లోపలికి 70 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత) నేచురల్ షేడ్, అంటే లేత పసుపు ఛాయ ఉన్న కాగితం కంటికి హాయిగా ఉంటుంది. తక్కువ కాపీలైతే డిజిటల్ ప్రింటింగ్, ఎక్కువైతే ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్ ప్రింటింగ్. వెయ్యి కాపీలు వేస్తే ఒక్కో కాపీ ధర తగ్గుతుందని ప్రెస్‌వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఆ కట్టలన్నీ వచ్చేది మన ఇంటికే. తొలి పుస్తకానికి రెండు మూడు వందల కాపీలు చాలు, పేజీల ఫైల్ దాచుకుంటే కావలసినప్పుడు మళ్లీ వేయించుకోవచ్చు.

పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితలకి కూడా ఉచితంగానే ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అది కాపీరైట్ అని కొందరు పొరబడుతుంటారు. కాపీరైట్ రాసినప్పుడే మనకి వచ్చేసింది, 1957 చట్టం ప్రకారం మన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలన్నది కూడా చట్టమే. నాకైతే అది బరువు అనిపించలేదు. మన కథలు అక్కడ భద్రంగా ఉంటాయన్న ఆలోచనే ఎంతో సంతోషం.

ఇక అమ్మకం. పుస్తకాల షాపుకి ఇస్తే నన్ను అడిగిన కమీషన్ 40 శాతం. 150 రూపాయల పుస్తకం మీద మన చేతికి 90. అందులోనే అచ్చు, డీటీపీ, ముఖచిత్రం, రవాణా అన్నీ తేలాలి. అదీ అమ్ముడయ్యాకే, అడగ్గా అడగ్గా వస్తుంది. షాపులో దొరకడం అవసరమే గానీ, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. నా కాపీల్లో ఎక్కువ కదిలింది డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో, జనవరిలో విజయవాడలో, తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో ఓ మూల పెట్టుకున్నప్పుడు. పాఠకుడు వెనక అట్ట చదివి, లోపల ఒక పేజీ తిరగేసి, “ఇది మీరే రాశారాండీ?” అని అడిగి కొనుక్కుంటే ఆ ఆనందం వేరు.

పోస్టులో పంపడం మాత్రం భారమైంది. చవగ్గా వెళ్లే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్క కాపీ పంపడానికి నాకైన ఛార్జీ పుస్తకం ధరతో పోటీ పడింది. కొత్తగా వేసేవాళ్లు ధర నిర్ణయించేటప్పుడే ఈ ఖర్చు కలుపుకోండి, లేదా రెండు మూడు కాపీలు కలిపి తీసుకునేవాళ్లకే పోస్టేజ్ ఉచితం అని ముందే చెప్పండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.