ఫ్లాట్‌లో బొమ్మ రైలు: హెచ్‌ఓ మేలా, ఎన్ మేలా?

హైదరాబాద్‌లో ఎవరికైనా "లేఅవుట్ వేస్తున్నా" అని చెప్పి చూడండి. వెంటనే "ఎక్కడ? గజం ఎంత?" అంటారు. మా బావ ఇంకో అడుగు ముందుకేసి హెచ్‌ఎండీఏ అప్రూవల్ ఉందా అని కూడా అడిగాడు. నేను వేస్తున్నది బొమ్మ రైలు పట్టాలనీ, మొత్తం కలిపినా గజం కూడా ఉండదనీ చెప్పేసరికి ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు.

అసలు చిక్కంతా ఆ గజం దగ్గరే. ఇంట్లో రైలు నడపాలనుకునే వాళ్లు మొదట తేల్చుకోవాల్సింది సైజు. ఎక్కువమంది వాడేవి రెండు. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకి తగిలించే కొత్తరకం పెట్టె, 24 మీటర్ల ఎల్‌హెచ్‌బీ బోగీ, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్ల పైచిలుకు, ఎన్‌లో 15.

చోటు ఒక్కటే చూస్తే ఎన్‌దే గెలుపు. హెచ్‌ఓలో బండి గుండ్రంగా తిరగాలంటే వంపు వ్యాసార్ధం కనీసం 18 అంగుళాలు పెట్టాలి. అంటే ఆ చుట్టు అడ్డుకొలతే మూడడుగులు, అంచులు కలిపితే నాలుగడుగుల పలక. అంత బిగువు వంపులో ఎల్‌హెచ్‌బీ బోగీ మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకొచ్చి చూడలేం. 24 అంగుళాలైతే కాస్త నయం, కానీ అప్పుడు మంచమో రైలో ఏదో ఒకటే గదిలో ఉంటుంది. ఎన్‌లో 11 అంగుళాల వంపు చాలు. రెండున్నర అడుగుల వెడల్పున్న పాత ఫ్లష్ డోర్ ఒకటి దొరికితే దానిమీదే రెండు లైన్లు, ఒక స్టేషను పట్టేస్తాయి. 22 బోగీల బండి మొత్తం నడపాలన్న కోరిక ఉంటే లెక్క ఇంకా తేలిక: బోగీలకే హెచ్‌ఓలో 20 అడుగులు కావాలి, ఎన్‌లో 11.

ధరలో మాత్రం ఎన్ సగం ఉండదు. మోటారు, గేర్లు రెండింటికీ కావాలి. బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం రెండింటికీ పడుతుంది.

ఇంతవరకు చదివి ఎన్ కొనేయకండి, మన ఊరి దుమ్ము సంగతి చెప్పాలి. మా ఎదురు స్థలంలో రెండేళ్లుగా అపార్ట్‌మెంట్ లేస్తోంది. స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న ఎన్ సెట్ హాల్లో పరిస్తే మూడో రోజుకి ఇంజను నాలుగడుగులకోసారి ఆగి, వేలితో తోస్తే కదలడం మొదలుపెట్టింది. కరెంటు అందేది పట్టా నుంచి చక్రానికి, ఆ రెంటి మధ్య దుమ్ము చేరితే అంతే సంగతులు. రెండూ ఒకే లోహంతో చేశామనుకుంటే హెచ్‌ఓ ఇంజను బరువు ఎన్‌కి ఆరింతలు. ఆ బరువుకి చక్రం పట్టాను గట్టిగా పట్టుకుంటుంది. హెచ్‌ఓకీ తుడవడం తప్పదు, కానీ వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతోంది. గరుకు కాగితం జోలికి పోవద్దు, ఆ గీతల్లో మురికి ఇంకా తొందరగా చేరుతుంది. పైగా నాకు నలభై దాటాయి. ఎన్ బోగీని పట్టాల మీద కూర్చోబెట్టాలంటే కళ్లద్దాలు, ఫ్యాన్ ఆపడం, ఊపిరి బిగపట్టడం, మూడూ కావాలి.

ఇక మన బండ్లు. చిన్నప్పుడు ఇంజన్ల షెడ్డున్న లాలాగూడ వైపు పెరిగిన నాలాంటివాడికి డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను లేకుండా రైలేంటి? భారతీయ ఇంజన్ల నమూనాలు ఎక్కువగా దొరికేది హెచ్‌ఓలోనే. అక్కడా ఒక లోపం ఉంది. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటుతుంది. దాన్ని 16.5 పట్టాల మీద నిలబెట్టేసరికి ఎదురుగా చూస్తే బండి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలుచున్నట్టుంటుంది. ఎన్‌లోనూ నిష్పత్తి అదే, తేడా ఒకటిన్నర మిల్లీమీటరే కాబట్టి కంటికి ఆనదు. విచిత్రమేంటంటే మన మెట్రో స్టాండర్డ్ గేజ్, 1435. అది హెచ్‌ఓ పట్టాల మీద కొలిచినట్టు సరిపోతుంది. మియాపూర్ లైన్ చేయాలనుకునేవాళ్లు అదృష్టవంతులు.

చివరికి నేను హెచ్‌ఓనే తీసుకున్నాను, కానీ గుండ్రంగా తిప్పే ఆలోచన వదిలేశాను. ఇంగ్లెనూక్ అని ఒక షంటింగ్ ఆట ఉంది, అంటే వ్యాగన్లను అటూ ఇటూ లాగి వరుస మార్చే ఆట. పట్టా రెండుగా చీలే పాయింట్లు రెండు, వ్యాగన్లు నిలిపే సైడింగులు మూడు. ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. ఎనిమిది వ్యాగన్లలో చీటీ తీసి అయిదింటిని అదే వరుసలో కూర్చాలి. వరుసలు 6,720 వస్తాయి, కాబట్టి విసుగు పుట్టదు. బొగ్గు మోసే బీఓఎక్స్‌ఎన్ వ్యాగన్ హెచ్‌ఓలో 12 సెంటీమీటర్ల పైన ఉంటుంది. ఇంజను ముందుకూ వెనక్కూ కదిలే జాగా కలిపినా ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక చాలు. ఒకే ఇంజను కాబట్టి 12 వోల్టుల మామూలు డీసీ కంట్రోలర్‌తో పని జరిగిపోతుంది. వైర్లు, స్విచ్‌లు కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నాను. వెనక మౌలాలి గుట్ట పెట్టాను. థర్మకోల్‌ని గుండ్రంగా చెక్కి, పుట్టీ పూసి, ఎరుపు కలిసిన బూడిద రంగు వేస్తే మన బండరాళ్లు అచ్చం అలాగే వచ్చాయి. రెండు ఆదివారాలు దానికే పోయాయి, అసలు పట్టాలకి ఒక్క పూటే.

పొడవాటి ఎక్స్‌ప్రెస్ ఆగకుండా తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలనుకునేవాళ్లకి ఈ పలక నచ్చదు. వాళ్లు ఎన్‌కే వెళ్లాలి, తలుపు పలక మీద పారదర్శకమైన మూత మాత్రం ముందే చేయించుకోవాలి. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం ఎన్ వద్దు, ఆ చిన్న చక్రాలు తిన్నగా నోట్లోకి పోతాయి. నా పలక ఇప్పుడు బీరువా పక్కన స్టాండు మీదుంది. సంక్రాంతికి అత్తగారి వైపు వాళ్లొస్తే సజ్జ ఎక్కుతుంది, దానికి మా ఆవిడతో ఒప్పందం ముందే కుదిరింది.