డెక్సా స్కాన్: కొలత బాగుంది, రిపోర్టే బాగాలేదు

లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్స ముగిసి రెండేళ్లు దాటిన మా అమ్మాయికి ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ ఒకసారి తీయించమని డాక్టరు గారు రాసిచ్చారు. నెలల తరబడి వాడిన ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్లు, వాటికి తోడు మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు, ఎముకలు గట్టిపడవలసిన వయసులోనే వాటిని బలహీనపరచగలవు కాబట్టి, దీన్ని అదనపు ఖర్చు అనుకోకుండా స్కాన్ సెంటరుకు తీసుకువెళ్లాం.

స్కాన్ తీసిన తీరుకు వంక పెట్టలేను. జిప్పులు, లోహపు గుండీలు ఉన్న బట్టలు మార్పించి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద మెత్తటి దిమ్మ పెట్టి, నడుము బల్లకు ఆనిందో లేదో టెక్నీషియన్ స్వయంగా చూసుకున్నారు. "సూది ఏమీ లేదు తల్లీ, కదలకుండా ఉంటే చాలు" అని ఆవిడ అనగానే మా పిల్ల బిగబట్టిన పిడికిళ్లు వదిలింది. నడుము వెన్నుపూసలనూ, తల మినహా మిగతా శరీరాన్నీ తీశారు. పిల్లలకు తీయవలసినవి అవే.

చిక్కంతా రిపోర్టుతోనే వచ్చింది. పదమూడేళ్ల పిల్లకు టీ-స్కోరు మైనస్ 2.7 అని వేసి, కింద ‘ఆస్టియోపొరోసిస్’ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని ముద్రించారు. టీ-స్కోరు పోల్చేది ఎదుగుదల పూర్తయిన యువతీయువకులతో. ఇంకా ఎదుగుతున్న పిల్లను వాళ్ల పక్కన నిలబెడితే తక్కువ రాక ఏం వస్తుంది? చూడవలసింది అదే వయసు ఆడపిల్లలతో పోల్చే జెడ్-స్కోరు. అది మైనస్ 2కు దిగినా, ఎముకలు విరిగిన చరిత్ర గానీ, వెన్నుపూస కుంగిన ఆనవాలు గానీ లేకుండా, పిల్లల విషయంలో ఆ ఒక్క అంకెను పట్టుకుని ఆ పేరు పెట్టకూడదు. పైగా డెక్సా లెక్క చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాములని. ఎముక లోతు అందులోకి రాదు కనుక, పొట్టి పిల్లల ఎముక ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. చికిత్సతో ఎదుగుదల మందగించిన మా అమ్మాయి ఎత్తు కొలిచి రాసుకున్నారే తప్ప, లెక్కలోకి తీసుకోలేదు.

కౌంటరులో అడిగితే "కంప్యూటరు ఇచ్చిందే ఇస్తామండీ" అన్నారు. రేడియాలజిస్టు మాత్రం వాదించకుండా విని, ఎత్తుకు సవరించిన జెడ్-స్కోరుతో కొత్త రిపోర్టు ఇచ్చారు: మైనస్ 1.1. ఈ లోపు మాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

నొప్పి లేకుండానే వెన్నుపూస కుంగవచ్చు కనుక, పక్క నుంచి తీసే వెన్ను ఎక్స్‌రే కూడా డాక్టరు గారు తీయించారు; అది బాగానే ఉంది.

వేర్వేరు కంపెనీల యంత్రాల అంకెలను నేరుగా పోల్చకూడదు కాబట్టి, మళ్లీ తీయించవలసి వస్తే ఇక్కడికే వెళ్తాం. ఈసారి ‘జెడ్-స్కోరు, ఎత్తుకు సవరించి’ అని చీటీ మీద ముందే రాయించుకుని వెళ్తాను.