కెరిస్ కోసం కువాలా కాంగ్సర్ దాకా

వంకీలు తిరిగిన మలయ్ బాకు, కెరిస్, చూడాలంటే అందరూ కౌలాలంపూర్ నేషనల్ మ్యూజియంకే పొమ్మంటారు. చూడటానికైతే అది చాలు. పాతదాన్ని బాగుచేయడం చూడాలంటే మాత్రం పేరాక్ రాష్ట్రంలోని కువాలా కాంగ్సర్ వెళ్ళాల్సిందే.

ఈటీఎస్ రైలు హాయిగా ఉంది. శని, ఆదివారాలైతే ముందే టికెట్ తీసుకోండి. బస దగ్గర్లోని నగరం ఇపోలో పెట్టుకోవడం మేలు. కువాలా కాంగ్సర్‌లో మా గది శుభ్రంగానే ఉంది గానీ, రాత్రి తినడానికి ఏమీ దొరకలేదు, యాప్‌లో బుక్ చేసిన బండి ఒక పట్టాన రాలేదు. ఇపోలోనైతే లిటిల్ ఇండియా ఉంది, ఇడ్లీ దోసెలకు లోటు లేదు.

ఊళ్ళో 1926 నాటి కెనంగన్ కొయ్య భవనం ఉంది. మేకు కొట్టకుండా కట్టారట, పైనుంచి చూస్తే ఒరలో కత్తిలా ఉంటుందట. పక్కనే ఉబుదియా మసీదు. రెండూ గంటలో చూసేయొచ్చు.

అసలు పని కమ్మరి ఇంటి దగ్గర. కొబ్బరినీళ్ళలో నానిన బాకును పెద్దాయన బయటకు తీసి, నిమ్మచెక్కతో పిడి వైపు నుంచి మొన వైపుకే రుద్దుతున్నాడు. నల్లటి రసం కారింది. కడిగి, ఆరబెట్టి, నిమ్మరసంలో కలిపిన పాషాణం (ఆర్సెనిక్) పూశాడు. ఇనుము నల్లబడింది. దానితో కలిపి మడతలు పెట్టి కొట్టిన నికెల్ పొరలు మాత్రం వెండిగీతల్లా తేలాయి. ఈ అల్లికనే పామోర్ అంటారు. ఆ పాషాణం విషం, ఇంట్లో ప్రయత్నించకండి.

కౌలాలంపూర్‌లో ఒక దుకాణంవాడు రెండొందల ఏళ్ళదంటూ ఒకటి చూపించాడు. తుప్పు బాకంతా ఒకేలా ఉంది, అంటే కావాలని పట్టించినట్టే. పైగా ఒరలో వదులుగా ఆడుతోంది. ఆ ఒర దానిది కాదు. కొనేవాళ్ళు వంకీలు కూడా లెక్కపెట్టండి, బేసి సంఖ్యే రావాలి. బాకు మొదట్లో విడిగా బిగించే గంజ అనే ముక్క దగ్గర సందు ఉందేమో చూడండి, ఉంటే అనుమానించాల్సిందే.

విమానంలో చేతిసంచిలో బాకు తేవడం కుదరదు. పైగా 9 అంగుళాలు దాటితే మన ఆయుధాల చట్టం అడ్డొస్తుంది, కెరిస్‌లు చాలావరకు దాటుతాయి. అందుకే నేను పిడి ఒక్కటే కొన్నాను. చలిజ్వరంతో ముడుచుకున్న మనిషి ఆకారం, 'జావా డెమామ్' అంటారు. కస్టమ్స్ టెన్షన్ లేదు.