‘మకెనైదే’నా, ‘యురెరు ఒమోయ్’నా: జార్డ్ పాటల్లో ఏది మేలు?

టోక్యోకి పడమటి వైపు, కనగావాలో, ఓదాక్యూ రైలు మార్గం మీద షిబుసవా అనే చిన్న స్టేషన్ ఉంది. తంజావా కొండలు ఎక్కడానికి వచ్చేవాళ్లు ఇక్కడ దిగి బస్సు పట్టుకుంటారు. రైలు వస్తోందని చెప్పడానికి ఈ స్టేషన్లో మామూలు గంట మోగదు. ఒక వైపు ప్లాట్‌ఫామ్ మీద ‘మకెనైదే’, రెండో వైపు ‘యురెరు ఒమోయ్’ బాణీ కొన్ని సెకన్ల పాటు వినిపిస్తుంది. రెండూ జార్డ్ అనే జపాన్ పాప్ బృందం పాటలే. వాటిని రాసి పాడిన సకాయి ఇజుమి పెరిగింది ఈ ప్రాంతంలోనే.

ఒకసారి కొండ దిగి వచ్చి, కాళ్లు పీకుతుంటే ఆ స్టేషన్లో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. అటు రైలొస్తే ఒక పాట, ఇటు రైలొస్తే ఇంకో పాట. రెండిట్లో ఏది గొప్ప అని ఎవరైనా అడిగితే అప్పట్లో నేను క్షణం ఆలోచించకుండా ‘యురెరు ఒమోయ్’ అనేవాణ్ణి. ఆ మాట మీద నిలబడలేకపోయాను.

పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. జార్డ్ అనేది పేరుకి బృందమే గానీ, వినేవాళ్లకి జార్డ్ అంటే సకాయి ఇజుమి ఒక్కతే. 1991 ఫిబ్రవరిలో ‘గుడ్‌బై మై లోన్లీనెస్’తో మొదలుపెట్టింది. మొదట్లో పాటలు కొంచెం చీకటిగా, రాక్ వాసనతో ఉండేవి. 1993 తర్వాత టీవీలో ఆమె దాదాపుగా కనిపించలేదు. జనానికి తెలిసిందల్లా గొంతు, ఆల్బమ్ అట్టల మీద పక్కకి తిరిగిన ముఖం, కింద ‘రచన: సకాయి ఇజుమి’ అన్న లైను. క్యాన్సర్ చికిత్స పొందుతూ 2007 మే 27న, నలభయ్యో ఏట వెళ్లిపోయింది.

‘మకెనైదే’ వచ్చింది 1993 జనవరి 27న. జపాన్‌లో పాటల అమ్మకాల్ని లెక్కగట్టే ఒరికాన్ చార్టులో ఆమెకి మొదటి స్థానం తెచ్చిన మొదటి సింగిల్ అదే. 16 లక్షలకు పైగా అమ్ముడైంది. ‘యురెరు ఒమోయ్’ అదే ఏడాది మే 19న వచ్చి, దాదాపు 14 లక్షలు అమ్ముడైంది. రెండిటికీ బాణీ ఓడా తెత్సురోదే. వాద్యాల కూర్పు మాత్రం మొదటిదానికి హయామా తకేషి, రెండోదానికి ఆకాషి మసావో చేశారు. ఈ లెక్కలతో ఏది మేలో తేలదు. రెండూ విపరీతంగా ఆడినవే, ఒకే చేతి బాణీలే.

నేను పాత సీడీల షాపులో రెండు సింగిల్సూ కొనుక్కున్నాను. అప్పటి సింగిల్ అంటే ఎనిమిది సెంటీమీటర్ల బుల్లి సీడీ, నిలువుగా పొడుగ్గా ఉండే అట్టలో వస్తుంది. అంచులు పసుపెక్కి ఉన్నాయి. లోపల పాట సాహిత్యం నిలువు వరసల్లో కాదు, అడ్డంగానే అచ్చేసి ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో కంజీల (చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరాల) మీద ఉచ్చారణ రాసుకుంటూ నేర్చుకున్నాను.

బాణీ పరంగా చూస్తే ‘యురెరు ఒమోయ్’ది పైచేయి అని ఇప్పటికీ అంటాను. పాట మొదలవడమే పల్లవితో మొదలవుతుంది, అది కూడా పాట పేరుతోనే. ‘యురెరు’ అంటే ఊగడం. భూకంపం వచ్చినా, రైలు కుదిపినా, గాలికి కర్టెన్ కదిలినా జపాన్ వాళ్లు ఇదే మాట వాడతారు. ‘ఒమోయ్’ అంటే తలపు. ఆ ఊగే తలపు ఒళ్లంతా తెలుస్తుంటే నీతో నడుస్తూనే ఉండాలనుంది అంటుంది. తర్వాత చరణంలో వేసవి పిల్లిలా అడుగులేసుకుంటూ దగ్గరికొస్తుంది, అలలు ఇసుకని తడుపుతాయి. ఆ ఏడాది ‘పొకారి స్వెట్’ అనే డ్రింక్ ప్రకటనలో వాడారు కాబట్టి, ఆ తరం వాళ్లకి ఈ పాట వింటే చల్లటి సీసా, ఎండ గుర్తొస్తాయి. గొంతు ఎక్కడా విరుపులు పోదు. తిన్నగా, గాజులా వెళ్తుంది. వినగానే పట్టేసుకునే పాట. ఇదే పేరుతో జులైలో వచ్చిన ఆల్బమ్ ఒరికాన్ వార్షిక పట్టికలో 1993కి మొదటి స్థానంలో నిలిచింది. అందులో ఈ పాట మొట్టమొదట ఉంటుంది, ‘మకెనైదే’ మధ్యలో ఉంటుంది.

మరి ‘మకెనైదే’ సంగతి? దాన్ని నేను మొదట్లో తక్కువగా చూశాను. ఎక్కడ చూసినా అదే. 1994 వసంతకాలపు హైస్కూల్ బేస్‌బాల్ పోటీల్లో జట్లు మైదానంలోకి నడిచి వచ్చేటప్పుడు దాన్నే వాయించారు. ఏటా టీవీలో వచ్చే ఇరవై నాలుగు గంటల సేవా కార్యక్రమంలో మారథాన్ రన్నర్ అలసిపోయి చివరికొచ్చేసరికి అందరూ కలిసి పాడేది కూడా అదే. ఇంతమంది చేతుల్లో పడ్డ పాట నినాదంగా మారిపోతుంది కదా అనుకున్నాను.

నినాదం కాదని తెలిసింది ఆ మాటనే పట్టుకుని చూసినప్పుడు. ‘మకెరు’ అంటే ఓడిపోవడం. ‘ఓడిపోకు’ అని గట్టిగా చెప్పాలంటే జపనీస్‌లో ‘మకెరునా’ అని ఉంది. కోచ్‌లు అరిచేది అలాగే. ‘మకెనైదే’ అలా ఉండదు. దగ్గరివాళ్లు దగ్గరివాళ్లతో అనే మాట అది, చివర ఒక బతిమాలడం ఉంటుంది. మనం ‘వెళ్లిపోకు’ అని కసిరి చెప్పడానికీ, ‘వెళ్లిపోకూ...’ అని దీర్ఘం తీసి అడగడానికీ ఉన్నంత తేడా. జపాన్‌లో రోజుకి పదిసార్లు వినపడే ‘గన్‌బత్తె’ ఇంకా కష్టపడమంటుంది. ఈ పాట కష్టపడమని చెప్పదు. దగ్గరికొచ్చేశావు, ఇంకొంచెమే అని చెబుతుంది, ఎంత దూరంలో ఉన్నా నా మనసు నీ పక్కనే ఉందని చెబుతుంది.

పైగా ఇది ప్రేమ పాట. ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. మొదటి లైను పరుగు గురించి కాదు, అనుకోకుండా ఇద్దరి చూపులూ కలిసిన క్షణం గురించి. ఏం జరిగినా లెక్కలేనట్టు ముఖం పెట్టి, నవ్వించే మనిషి ఒకడున్నాడు రెండో చరణంలో. ఆమె మాట్లాడుతున్నది అతనొక్కడితోనే. ఒక్క మనిషి కోసం రాసింది కాబట్టే లక్షల మందికి తమ కోసమే అనిపించింది. ‘యురెరు ఒమోయ్’లో ఆమె తన మనసు గురించి చెప్పుకుంటుంది. ‘మకెనైదే’లో తనని పక్కన పెట్టి ఎదుటి మనిషిని చూస్తుంది. నాకు ఇప్పుడు ఎదుటి మనిషిని చూడటమే పెద్ద పనిగా కనిపిస్తోంది.

మధ్యలో జార్డ్‌దే ఇంకో పాట ‘మై ఫ్రెండ్’ని వదిలేస్తే కోప్పడేవాళ్లుంటారు, ముఖ్యంగా ‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ కార్టూన్ సీరియల్ చూసి పెరిగినవాళ్లు. 1996 జనవరిలో వచ్చిన ఈ పాట ఆ సీరియల్‌కి చివరి ముగింపు పాట. బాణీ మళ్లీ ఓడాదే. నిన్ను తలుచుకుంటేనే ధైర్యం వస్తుంది, పరిగెత్తుతూనే ఉండు అంటుంది. మంచి పాట, నేనూ చాలాసార్లు వింటాను. కానీ ‘మకెనైదే’ అప్పటికే అడుగేసిన దారిలోనే నడుస్తుంది. బాస్కెట్‌బాల్ కోర్టు గుర్తులు లేనివాళ్లకి అంత పట్టదు.

జార్డ్ పాటలు అసలు వినని మనిషికి ముందు ‘యురెరు ఒమోయ్’ వినమనే చెబుతాను. భాష రాకపోయినా ఆ పల్లవి పని చేస్తుంది. ఆ తర్వాత సాహిత్యం దగ్గర పెట్టుకుని ‘మకెనైదే’ వినండి. అర్థం తెలియకుండా వింటే అది హుషారైన పాటగానే మిగిలిపోతుంది.

నా లెక్క మార్చింది మా ఆఫీసులో ఒకావిడ. యాభై దాటిన మనిషి. డిగ్రీ అయ్యి ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ‘మకెనైదే’ వచ్చిందట. అప్పుడు జపాన్‌లో భూములు, షేర్ల ధరల బుడగ (బబుల్) పేలిపోయి కంపెనీలు కొత్తవాళ్లని తీసుకోవడం తగ్గించేశాయి. ఆ కాలాన్ని వాళ్లు ఉద్యోగాల మంచుయుగం అంటారు. కరావోకే గదిలో ఆవిడ వంతు వచ్చినప్పుడు ‘మకెనైదే’ పెట్టింది. పల్లవి రాగానే టేబుల్ చుట్టూ ఉన్న ఎనిమిది మందీ చప్పట్లు కొడుతూ అందుకున్నారు. ఆవిడ మైకు కిందికి దించి నవ్వుతూ ఊరుకుంది. రెండో చరణం రాగానే అందరూ ఆగిపోయారు, ఎవరికీ మాటలు సరిగ్గా గుర్తులేవు. అప్పుడు మళ్లీ మైకెత్తి, స్క్రీన్ వైపు చూడకుండా, పక్కవాళ్లకి మాత్రమే వినపడేంత మెల్లగా ఆ నాలుగు లైన్లూ పాడింది.